తాళం వినిపించదు, కనిపిస్తుంది

హైదరాబాద్ నుంచి వికారాబాద్‌కు మీరు ఎందుకొస్తారో నాకు తెలుసు. అనంతగిరి ఘాట్ రోడ్డు, పొద్దున్నే మంచు, కోట్‌పల్లి నీళ్లలో కయాకింగ్, దారిలో కాల్చిన మక్కకంకులు, నాలుగు రీల్స్. తప్పేం లేదు, రండి. కానీ ఆదివారం సాయంత్రం కాగానే బండ్లన్నీ వెనక్కి తిరుగుతాయి చూడండి, నేను అప్పుడు కెమెరా సంచి భుజాన వేసుకుంటాను. ఈ జిల్లాలో పాట పొద్దుగూకినాకే లేస్తుంది. గుడి మెట్ల మీద భజన, పీర్ల ముందు డప్పు, చెట్ల కింద డోలక్. పోస్టర్ ఉండదు, టికెట్ ఉండదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి "కాకా, ఇయ్యాల మా ఊర్ల భజన ఉంది, వస్తవా?" అంటారు. అంతే.

నాది తాండూరు. 31 ఏళ్లు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పనిచేశాను. తాండూరు బండ అంటే మీకు కొత్తేం కాదు. మీ ఫ్లాట్‌లో టైల్స్ ఉండొచ్చు గానీ, మీ అమ్మమ్మ ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం బోర్లా పడుకుని చెంప ఆనించిన ఆ చల్లటి నేల గుర్తుందా? నీలం రంగుదో, పసుపు రంగుదో, అది మా బండే అయి ఉంటుంది. సున్నపురాయి ఇక్కడ పొరలు పొరలుగా ఉంటుంది, పుస్తకంలో పేజీల్లాగా. గనిలోంచి పలకలుగా లేపుతారు. మా దగ్గరికొస్తే నీళ్లు పోస్తూ అంచులు కోయడం, అరగదీయడం, మెరుపు తేవడం. ఆ సున్నపురాయి ఉండబట్టే ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి. మా ఊరి మరో గొప్ప కందులు. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఊరి బజార్లో నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే నోటి నుంచి వినొచ్చు. కర్ణాటక సరిహద్దు పక్కనే కదా.

రాయి పనిలో చెయ్యి కంటే ముందు చెవి నేర్చుకుంటుంది. బండను నిలబెట్టి సుత్తితో మెల్లగా తట్టాలి. లోపల పగులు లేకపోతే గంటలాగా 'టంగ్' అని మోగుతుంది. వెంట్రుకంత పగులున్నా సరే, 'టప్' అని మొద్దుగా పడిపోతుంది. నాకు ఆ పని నేర్పిన పెద్దాయన కళ్లు మూసుకుని తట్టేవాడు. చూస్తే మోసపోతాం, వింటే మోసపోం అనేవాడు.

యాభై దాటాక నాకు అన్ని బండలూ ఒకేలా మోగడం మొదలైంది. పక్కనున్న పిల్లగాడు "మామా, దీన్ల పగులుంది" అంటాడు. నేను మళ్లీ తడతాను. నాకేం తేడా తెలియదు. ఇంట్లో టీవీ సౌండ్ పెరిగింది. ఫోన్లో మా బిడ్డ మాట వినిపిస్తుంది గానీ అర్థం కాదు. హైదరాబాద్‌లో చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన గ్రాఫు తీసి చూపించాడు. 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గుంతలో పడినట్టు కిందికి పోయింది. కోత మిషన్ మోత పక్కన ఏళ్లకేళ్లు నిలబడినోళ్లకు ముందు పోయేది అక్కడే అట. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. లావు శబ్దాలు వినిపిస్తాయి, సన్నవి పోతాయి. స, శ, త, చ లాంటి అక్షరాలు జారిపోతాయి. పిట్టల కూత, ప్రెషర్ కుక్కర్ విజిల్, భజనలో తాళాలు.

బండ మోత వినిపించనోడికి బండల దగ్గర ఏం పని? మానేశాను. ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మగవాళ్లు ఇంట్లో ఊరికే కూర్చుంటే ఎట్లుంటుందో మీ నాయినల్ని చూసి మీకు తెలిసే ఉంటుంది. మా ఆమె పొద్దున లేచి నన్ను దాటుకుంటూ ఊడ్చేది. మా బిడ్డే ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా, 50 ఎంఎం లెన్సు తెచ్చిచ్చి, "నాయినా, ఏదో ఒకటి తియ్యి, ఇంట్ల మాత్రం కూసోకు" అంది.

ఆ కార్తీక పున్నమికి అనంతగిరి పోయాను. తాండూరు నుంచి వికారాబాద్‌కు రైలు. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా 1874లో నిజాం కాలంలో వేసిన లైను ఇది. గంటలోపే దిగేస్తాం. అక్కడి నుంచి ఆటోలో గుట్టెక్కాలి. అనంతపద్మనాభస్వామి గుడికి ఆ నెలలో పెద్ద జాతర, తొలి ఏకాదశికి చిన్న జాతర. మీరు మూసీ అంటే ముక్కు మూసుకుంటారు గానీ, ఆ నది పుట్టేది ఈ గుట్టల్లోనే. ఇక మా రాయి పనోళ్లకు అనంతగిరి అనగానే మొదట గుర్తొచ్చేది గుడీ కాదు, టూరిజమూ కాదు. అక్కడున్న క్షయ దవాఖాన. దుమ్ము మింగిన మనుషులు ఆ గాలి కోసం ఎన్నేళ్ల నుంచో గుట్టెక్కారు. ఘాట్ రోడ్డు మీద సెల్ఫీ దిగేటప్పుడు ఆ సంగతి కూడా ఒకసారి తలుచుకోండి.

ఆ రాత్రి గుడి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన భజన మండలి కూర్చుంది. పది పన్నెండు మంది. హార్మోనియం, డోలక్, రెండు జతల తాళాలు. హార్మోనియం నాకు సగం వినిపిస్తోంది. డోలక్ ఎడమ వైపు గుమ్మని గుండెల్లో తగులుతోంది. తాళాలు మాత్రం ఆడుతున్నాయే తప్ప చప్పుడు లేదు, సౌండ్ తీసేసిన వీడియోలాగా. కెమెరా ఎత్తి తాళాలు వాయించే ముసలాయన చేతుల మీద ఫోకస్ పెట్టాను. పదీ పదిహేను ఫొటోలు తీసి వెనక తెర మీద చూసుకున్నాను. ఒక దాంట్లో రెండు తాళాల మధ్య వేలెడు సందు ఉంది. ఆయన కింది పెదవి పళ్ల మధ్య బిగించాడు. ఎడమ భుజం కొద్దిగా లేచింది. తర్వాత దెబ్బ ఎక్కడ పడుతుందో ఆ ఫొటోలో రాసిపెట్టినట్టు ఉంది. మళ్లీ తల ఎత్తి ఆయన భుజాన్నే చూశాను. భుజం లేచింది, దెబ్బ. భుజం లేచింది, దెబ్బ. కాసేపటికి నా కాలు తాళం వేస్తోంది. ఆరు నెలల తర్వాత నేను లయలో పడింది అప్పుడే.

అప్పటి నుంచి ఇదే పని. నాలుగేళ్లయింది.

మీ చేతుల్లో ఫోన్లున్నాయి కాబట్టి, ఈ నాలుగేళ్లలో నాకు పట్టుబడిన సంగతులు నాలుగు చెబుతాను. ఫ్లాష్ వద్దు. పాడేవాడి కళ్లలో కొడితే లయ తప్పుతుంది, పైగా ఆ దీపాల రంగంతా తెల్లగా పాలిపోతుంది. ఫోన్లో నైట్ మోడ్ కూడా ఇక్కడ పనికిరాదు. అది చాలాసేపు వెలుతురు పోగుచేసుకుంటుంది, అప్పటికి డప్పు కొట్టే చెయ్యి పొగలా మారిపోతుంది. ప్రో మోడ్‌లోకి పోయి షట్టర్ మీరే పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు గానీ ఫొటోలో నల్ల చారలు పడతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ చారలు చాలావరకు పోతాయి. ఐఎస్ఓ పెంచితే గింజలు గింజలుగా వస్తుంది, రానివ్వండి. బండకు గీతలుంటాయి, రాత్రికి గింజలుంటాయి.

1/100 దగ్గర డప్పు పుల్ల ఆగదు కదా అంటారా? ఆగుతుంది. పైకి లేచిన చెయ్యి కిందికి తిరిగే ముందు ఒక్క క్షణం గాల్లో నిలబడుతుంది. ఊయల చివర్లో ఆగినట్టు. అక్కడ నొక్కాలి. చెయ్యి అక్కడికి చేరాక నొక్కితే ఆలస్యమైపోతుంది, లయ తెలిసి ముందే నొక్కాలి. పాడేవాళ్లయితే నోరు తెరిచినప్పటి కంటే, చరణం అందుకునే ముందు ఊపిరి పీల్చేటప్పుడు ముఖం బాగుంటుంది. మైకు మూతికి అడ్డమొస్తే కొంచెం పక్కకు జరగండి. సుత్తి దెబ్బకు ముందు బండ చుట్టూ ఒకసారి తిరిగి చూసేవాళ్లం మేం, అట్లా.

డప్పు సంగతి ఇంకాస్త చెప్పాలి. పీర్ల పండుగకు మా దిక్కు పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసే పీర్లెత్తుతారు. అలాయి గుండంలో నిప్పు మండుతుంటుంది, చుట్టూ తిరుగుతూ ఆడుతుంటారు. డప్పు చల్లబడితే తోలు వదులవుతుంది. అందుకే వాయించేవాళ్లు మధ్యమధ్యలో పక్కకొచ్చి గడ్డి మంట వేసి డప్పులు కాపుకుంటారు. వేలితో తట్టి చూస్తారు, బిగిసిందా లేదా అని. అందరి కెమెరాలూ ఆట వైపే ఉంటాయి. నాకు మాత్రం ఈ కాపుకునే మంట దగ్గరే పని. కింది నుంచి ముఖాల మీద పడే ఆ వెలుగుకు ఏ స్టూడియో లైటూ సాటిరాదు. పైగా వాళ్లు తట్టి వింటుంటే నాకు నా బండలు గుర్తొస్తాయి. ఒక చేతిలో లావు చిర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. నాకు చిర్ర దెబ్బ వినిపిస్తుంది, చిటికెన పుల్లను కళ్లతో వినాలి.

ఒక పని వదిలేసి కెమెరా పట్టినవాడిని నేనొక్కడినే అనుకునేవాణ్ని. మా బిడ్డ ఫోన్లో చూపించింది. నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పేరుపడ్డ రాజా దీన్‌దయాళ్ ముందు ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో నౌకరీ చేసేవాడట. 1844లో పుట్టినాయన, నలభై దాటాక ఆ కొలువు వదిలేసి పూర్తిగా ఫొటోల్లో పడ్డాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. అయితే ఆయన కాలంలో గాజు పలకలు, బరువైన కెమెరాలు, దర్బార్లో అందరూ కదలకుండా నిలబడాలి. ఇట్లాంటి డప్పు రాత్రి ఆయన పెట్టెకు దొరికేది కాదు. ఢిల్లీలో అవినాష్ పస్రీచా అని ఇంకొకాయన ఉన్నారు. స్పాన్ పత్రికలో ఫొటో ఎడిటర్‌గా చేసి 1997లో రిటైరయ్యాక, ఆ తర్వాతి కాలమంతా సంగీతం, నాట్యం ఫొటోలకే పెట్టారు. మన వరంగల్ భరత్ భూషణ్‌ను చెప్పకపోతే పాపం. బతుకమ్మను, తెలంగాణ పల్లె ముఖాలను ఆయన చూసినట్టు చూసినోళ్లు తక్కువ. 2022 జనవరిలో పోయారు. ఆయన ఫొటోల్లో ఆడవాళ్లు కెమెరాకు ఫోజు ఇస్తున్నట్టు ఉండరు, వాళ్ల పనిలో వాళ్లుంటారు. అట్లా ఉండాలంటే ఫొటో తీసేవాడు ఎంతసేపు ఊరికే కూర్చుని ఉంటాడో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది నాకు.

బతుకమ్మ మాటొచ్చింది గనక ఒకటి. అడగకుండా తీయొద్దు. దూరం నుంచి జూమ్ చేసి అస్సలు తీయొద్దు. "అక్కా, తియ్యనా?" అని ఒక మాట అడిగితే పోయేదేం లేదు. వద్దంటే కెమెరా సంచిలో పెట్టి, చప్పట్లు చూసి, సద్ది తిని రండి.

ఇక వికారాబాద్, తాండూరు మధ్యలో రైలు ఆగే ధారూరు. నవంబర్‌లో అక్కడ మెథడిస్ట్ క్రైస్తవ జాతర జరుగుతుంది. రోజుల తరబడి జనం కుటుంబాలతో సహా వచ్చి చెట్ల కింద గుడారాలు వేసుకుంటారు, పక్క రాష్ట్రాల నుంచి కూడా. వంటలు అక్కడే, పడక అక్కడే, ప్రార్థన అక్కడే. పెద్ద వేదిక మీద మైకుల్లో పాటలుంటాయి, అవి సరే. నేను పోయేది గుడారాల మధ్య సందుల్లోకి. ఒక చోట నాయనమ్మ ఒక చరణం ఎత్తుకుంటుంది, పొయ్యి దగ్గరున్న కోడలు అందుకుంటుంది, పిల్లగాడు గిన్నె మీద దరువేస్తాడు. చలికాలం కదా, పొగ కిందికే పరుచుకుంటుంది, లాంతరు వెలుగు దాంట్లో చారలు చారలుగా కనిపిస్తుంది. భజన చూసి వచ్చిన వాడికి అక్కడ కూడా అదే డోలక్ కనిపిస్తే ఆశ్చర్యమేం లేదు. పాట పేరు మారింది, చెయ్యి మారలేదు. పెద్ద పెద్ద ఊళ్లలో కచేరీలకు పోతే ఫొటోగ్రాఫర్లను మొదటి మూడు పాటల దాకే ఉండనిచ్చి పంపేస్తారట. ఇక్కడ రాత్రంతా ఉండొచ్చు, పైగా అన్నం పెడతారు.

మా తాండూరులో అయితే ఎండాకాలంలో భద్రేశ్వరస్వామి జాతర. రథం కదిలేటప్పుడు జనంలో నలిగిపోతాం, ఫొటో సంగతి దేవుడెరుగు, చెప్పులు దొరికితే చాలు.

వికారాబాద్ చుట్టూ రిసార్టులు వచ్చాక శనివారం రాత్రుళ్లు కుర్ర బ్యాండ్లు కూడా వస్తున్నాయి. ఒకసారి ఒక బ్యాండు పిల్లలు "అంకుల్, మాకూ ఫొటోలు తీస్తారా" అంటే పోయాను. బాగా వాయించారు. గిటార్ అబ్బాయి కళ్లు మూసుకుంటే మా భజన ముసలాయనలాగే ఉన్నాడు. కానీ నిలబడింది ఎక్కడ? స్పీకర్ డబ్బా ముందు. అక్కడే నా చెవులు మళ్లీ నాకు గుర్తొచ్చాయి. డాక్టర్ చెప్పిన లెక్క మీకు కూడా చెబుతా, ఇది ఫొటోల కంటే ముఖ్యం. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలుంటే చెవికి హద్దు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు టైము సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. 12 నుంచి 35 ఏళ్ల మధ్య వాళ్లలో వంద కోట్ల మందికి పైగా చెవులు పోగొట్టుకునే దారిలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే మీరే. నేను జీతం కోసం పోగొట్టుకున్నాను, మీరు ఇయర్‌బడ్స్ కొనుక్కుని మరీ పోగొట్టుకోకండి. మెడికల్ షాపులో ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. నేను బ్యాండు రోజున పెట్టుకుంటాను, మిగిలిందన్నా మిగలాలి కదా. ఆ పిల్లలకూ తలో జత ఇచ్చాను. డ్రమ్స్ అమ్మాయి ఒక్కతే పెట్టుకుంది.

"ఇన్ని తీస్తున్నవు, ఏం చేస్తవు కాకా?" అని అడుగుతుంటారు. మొదట్లో నా దగ్గరా జవాబు లేదు. మెమరీ కార్డు నిండితే హార్డ్ డిస్కులోకి, అంతే. అనంతగిరిలో తాళాలు వాయించిన ముసలాయన ఉన్నాడు కదా, రెండేళ్ల కిందట పోయాడు. మండలి వాళ్లు కబురు చేస్తే వాళ్ల ఊరికి పోయాను. వాకిట్లో కొడుకు చేతిలో ఆధార్ కార్డు. దశదినకర్మకు ఫ్లెక్సీ కొట్టించాలి, ఇంట్లో ఆయన ఫొటో ఇంకొకటి లేదు. నలభై ఏళ్లకు పైగా ఊళ్లూరా భజన చేసిన మనిషి. పెళ్లిళ్లలో, జాతరల్లో ఎందరి ఫోన్లలోనో ఆయన ఉండే ఉంటాడు, ఎవరి ఫోన్లోంచీ ఆయన ఇంటికి మాత్రం రాలేదు. ఆధార్ ఫొటోలో ఎవరు బాగుంటారు చెప్పండి, ఏదో నేరం చేసినట్టు బిత్తరపోయి ఉన్నాడు. నా దగ్గరున్నవి 60కి పైనే. అన్నీ కొడుకు ముందు పెట్టాను. వాళ్లమ్మ వచ్చి చూసింది. ఒక దాని మీద వేలు పెట్టింది. తాళాల మధ్య వేలెడు సందున్నదే. "గిట్లనే పెదవి కొరుకుతుండె" అంది. అదే ఫ్లెక్సీ అయింది. ఊరి మధ్యలో, నిలువెత్తున, తాళం వేయబోతూ ఉన్నాడు.

అప్పటి నుంచి నేను తీసిన ప్రతి కళాకారుడికీ ఒక ప్రింటు ఇస్తున్నాను. బతికుండగానే. 4x6 సైజు, వెనక ఊరి పేరు, తేదీ రాస్తాను. వాట్సాప్‌లో పంపితే అయిపోదా అంటారు మీలాంటి వాళ్లు. ఫోన్ మారితే పోతుంది, కాగితం దేవుడి గూట్లో ఉంటుంది. ప్రింట్ల ఖర్చుకు మూడు పెళ్లిళ్లకు ఒకటి ఒప్పుకుంటున్నాను, అక్కడా బ్యాండు మేళం వాళ్లను తీయకుండా రాను. సన్నాయి ఊదేవాడి బుగ్గలు చూశారా ఎప్పుడన్నా? పెళ్లి ఆల్బమ్‌లో వరుడి మేనమామ తోడల్లుడికి కూడా చోటుంటుంది, సన్నాయి వాడికి ఉండదు.

చెవి మిషన్ కూడా కొనిచ్చింది మా బిడ్డ. మాటలకు బాగానే ఉంది, మా ఆమె ఇప్పుడు గొంతు తగ్గించింది. పాటకు మాత్రం అది సరిపోవట్లేదు. మాటల కోసం చేసిన యంత్రం కదా, తాళాలు స్టీలు గిన్నెలు పడ్డట్టు వినిపిస్తాయి. అందుకే భజనలో మొదటి పాట మిషన్ పెట్టుకుని వింటాను, రెండో పాటకు తీసి జేబులో వేసుకుంటాను. మిషన్ జేబులోకి పోతే ఫొటోలు మొదలైనట్టేనని మండలి వాళ్లకు తెలిసిపోయింది. సర్దుకుని కూర్చుంటారు.

పోయిన నెల వికారాబాద్ దిక్కు రెండు పల్లెలు తిరిగాను. చిన్న డైరీలో రాసుకున్న లెక్క ప్రకారం ఇంకా 18 ప్రింట్లు బాకీ. డప్పు వాళ్లవి ఏడు, భజన వాళ్లవి పది, గిన్నె మీద దరువేసిన పిల్లగాడిది ఒకటి. వాడిది కొంచెం పెద్ద సైజు కావాలట. తొలి ఏకాదశి లోపల అన్నీ ఇచ్చేయాలి.